పెరటి గదికి వైఫై రావాలంటే తీగ వేయాల్సిందే

గౌరవనీయులైన సంపాదకుల వారికి,

నమస్కారాలు.

గోదావరి డెల్టా పల్లెల్లో ఫైబర్ ఇంటర్నెట్ పెట్టించుకున్న ఇళ్లు ఏటికేడాది పెరుగుతున్నాయి. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ఏపీ ఫైబర్ గ్రిడ్ ప్రారంభమై, నెలకు రూ.149కే ఇంటర్నెట్, టీవీ, ఫోన్ మూడూ ఇస్తామన్నప్పుడు మా ప్రాంతంలో చాలామందికి అది నమ్మశక్యంగా తోచలేదు. 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం సవరించిన భారత్‌నెట్ పథకానికి సుమారు రూ.1.39 లక్షల కోట్లు కేటాయిస్తూ, అయిదేళ్లలో 1.5 కోట్ల గ్రామీణ గృహాలకు ఫైబర్ కనెక్షన్లు ఇవ్వాలని నిర్ణయించింది. గుమ్మం దాకా ఇంటర్నెట్ తెచ్చే బాధ్యతను ఈ విధంగా ప్రభుత్వాలూ సంస్థలూ తీసుకున్నాయి. గుమ్మం నుంచి పెరటి చివరి దాకా మిగిలిన ముప్పై నలభై గజాల సంగతి మాత్రం ఎవరికీ పట్టడం లేదు. టెలిఫోన్ కేబుళ్ల పనిలో ఉద్యోగ జీవితం గడిపి విరమించినవాడిగా, ఇప్పుడు ఇరుగుపొరుగు ఊళ్లవారు పిలిస్తే వెళ్లి చూసి వస్తున్నవాడిగా ఈ విషయాన్ని మీ పత్రిక ద్వారా పాఠకుల దృష్టికీ సంబంధిత సంస్థల దృష్టికీ తేవాలనుకుంటున్నాను.

మన పల్లెటూరి ఇల్లు ఒకే కప్పు కింద ఉండదు. ముందు డాబా, వెనుక పాత పెంకుటిల్లు, దాని పక్కన గొడ్ల చావిడి, మరో మూలన మోటారు గది, ధాన్యం బస్తాలు వేసుకునే రేకుల షెడ్డు, కాస్త ఎడంగా పొలంలో మకాం. ఇంటర్నెట్ అవసరం కూడా ఈ చోట్లన్నిటా ఉంది. పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు సందడి లేని పెంకుటింట్లో కూర్చుంటారు. హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి వచ్చి కొన్నాళ్లు ఇంటి నుంచే ఉద్యోగం చేసుకునే కొడుకులూ కోడళ్లూ మేడ మీది గదిలోనో పెరటి గదిలోనో పని చేసుకుంటారు. చావిడిలో ఈతకు వచ్చిన గేదెను రాత్రివేళ కెమెరాలో చూసుకోవాలనుకునే రైతులు ఉన్నారు. ఫైబర్ పెట్టె మాత్రం ముందు గదిలో టీవీ పక్కన ఉంటుంది, ఎందుకంటే బిగించడానికి వచ్చిన కుర్రవాడికి వీధి స్తంభం నుంచి దగ్గరి దారి అదే.

అక్కడి నుంచి వెనుక ఇంటికి సిగ్నల్ ఎందుకు చేరదో చాలామందికి ఎవరూ చెప్పలేదు. మన రూటర్లు, అంటే వైఫై పంచే ఈ పెట్టెలు, ఎక్కువగా రెండు తరంగ శ్రేణులను వాడతాయి: 2.4 గిగాహెర్ట్జ్ ఒకటి, 5 గిగాహెర్ట్జ్ రెండోది. మొదటిది గోడలను కొంత నయంగా దాటుతుంది కాని వేగం తక్కువ. రెండోది వేగమైనదే కాని గోడల దగ్గర త్వరగా నీరసిస్తుంది. అడ్డు ఏదీ లేని ఆరుబయట సైతం దూరం రెట్టింపైతే అందే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. దారిలో తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, ఇనుప చువ్వలున్న స్లాబు, ఇనుప బీరువా, నీళ్ల ట్యాంకు వస్తే ఒక్కొక్కటీ తన వంతు తగ్గిస్తుంది. రేకుల షెడ్డు అయితే లోపలికి రానీయకుండా తరంగాన్ని తిప్పి కొడుతుంది. కొబ్బరి తోటల మధ్య ఉండే మా కోనసీమ ఇళ్లకు ఇంకొక చిక్కు ఉంది. ఆకుల్లోని నీరు ఈ తరంగాలను పీల్చుకుంటుంది కనుక, వేసవిలో అంతో ఇంతో పనిచేసిన వైఫై శ్రావణ మాసం ముసురులో తడిసిన మట్టల వెనుక బొత్తిగా అందకుండా పోతుంది. ఇంటర్నెట్ సంస్థకు ఫిర్యాదు చేస్తే వాళ్లు పెట్టె దగ్గర వేగం కొలిచి, అంతా సవ్యంగా ఉందని చెప్పి వెళ్లిపోతారు. వాళ్లు చెప్పిందీ నిజమే, వెనుక గదిలో కూర్చున్న పిల్లవాడి కష్టమూ నిజమే.

ఇక్కడే బూస్టర్ల వ్యాపారం మొదలవుతోంది. గోడ ప్లగ్గులో పెట్టే చిన్న పెట్టెను బూస్టర్ అని, ఎక్స్‌టెండర్ అని, రిపీటర్ అని పిలుస్తూ, ఇల్లంతా సిగ్నల్ వస్తుందని చెప్పి అమ్ముతున్నారు. కొన్నవారు దాన్ని సహజంగానే సిగ్నల్ రాని గదిలో పెడతారు. అది విన్నదాన్ని తిరిగి చెప్పే యంత్రమే కాబట్టి, తనకే సరిగా వినపడని చోట ఉంచితే అది చెప్పగలిగేదీ అంతంత మాత్రమే. సిగ్నల్ ఇంకా బాగున్న నడిమి చోటున పెడితే కొంత ఫలితం ఉంటుంది. అయితే పెరటి గదికీ డాబాకీ నడుమ ఉన్నది ఖాళీ వాకిలి, అక్కడ ప్లగ్గూ ఉండదు, కప్పూ ఉండదు. పైగా ఒకే రేడియోతో వినడం, చెప్పడం రెండూ చేసే చవక రిపీటరు వేగాన్ని సుమారు సగానికి తగ్గిస్తుంది. ఫోనులో గీతలు నిండుగా కనబడుతూ ఉంటాయి, వీడియో మాత్రం కదలదు. ఆ గీతలు బూస్టరు ఎంత దగ్గరలో ఉందో చెబుతాయి కాని, బూస్టరుకు అసలు రూటరు ఎంత అందుతోందో చెప్పవు.

పెద్ద యాంటెన్నాలున్న ఖరీదైన రూటరు కొంటే సరిపోతుందన్న నమ్మకమూ బలంగా ఉంది. రూటరు ఎంత గట్టిగా పంపినా జేబులోని ఫోను అంత గట్టిగా జవాబు చెప్పలేదు; చిన్న బ్యాటరీతో నడిచే దాని రేడియో శక్తికి ఒక హద్దు ఉంది. సంభాషణ రెండు వైపులా నడవాలి కాబట్టి బలహీనమైన పక్షమే దూరాన్ని నిర్ణయిస్తుంది. అందుకే ఫోను ఉన్న చోటికి యాక్సెస్ పాయింటును, అంటే వైఫై పంచే రెండో పెట్టెను, తీసుకువెళ్లడమే మార్గమని నా దృఢమైన అభిప్రాయం. అక్కడి దాకా ఇంటర్నెట్‌ను గాలిలో పంపకుండా తీగలో పంపాలి.

మా పొరుగూరి ఒక ఇంటి సంగతి చెబుతాను. ముందు రెండంతస్తుల డాబా, వెనుక ముప్పై అయిదు మీటర్ల దూరంలో పెంకుటిల్లు, మధ్యలో గిలక బావి, రెండు పనస చెట్లు. ఆ పెంకుటింట్లో బ్యాంకు పరీక్షలకు చదువుతున్న అమ్మాయి ఆన్‌లైన్ పాఠాల కోసం రోజూ ల్యాప్‌టాప్ పట్టుకుని డాబా మెట్ల మీదికి వచ్చి కూర్చునేది. ఫోనులో సిగ్నల్ కొలిచే ఉచిత యాప్ పెట్టి చూస్తే పెంకుటింట్లో మైనస్ 82 డీబీఎం చూపించింది. డీబీఎం అనేది సిగ్నల్ బలానికి కొలత; ఈ అంకె సున్నాకు ఎంత దగ్గరైతే అంత మంచిది. వీడియో కాల్ తడబడకుండా సాగాలంటే మైనస్ 67 దగ్గరైనా ఉండాలి, మైనస్ 80 దాటితే కనెక్షన్ నిలవడమే గగనం. వారు అప్పటికే కొన్న రెండు బూస్టర్లు బల్ల మీద ఉన్నాయి. ఫైబర్ పెట్టె వెనుక ఖాళీగా ఉన్న లాన్ పోర్టు (ఇంట్లోని పరికరాలకు తీగ తగిలించే చోటు) నుంచి క్యాట్6 రకం ఇంటర్నెట్ కేబుల్ తీసి, కిటికీ చట్రం పక్కన రంధ్రం చేసి, ప్రహరీ వెంబడి అంగుళం పైపులో నడిపించి పెంకుటింటి దూలం దాకా తెచ్చి, అక్కడ ఒక మామూలు రూటరును యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టించాను. అదే గదిలో అంకె మైనస్ 48కి వచ్చింది. ఆ అమ్మాయి ఇప్పుడు తన బల్ల దగ్గరే చదువుకుంటోంది. మొత్తం ఖర్చు ఆ రెండు బూస్టర్ల ధర కంటే పెద్దగా ఎక్కువ కాలేదు.

యాక్సెస్ పాయింట్ మోడ్ అన్న మాటను ఇక్కడ కొంచెం వివరించాలి. రెండో రూటరును అలాగే తగిలిస్తే అది తన సొంత చిరునామాలు పంచడం మొదలుపెట్టి, ఇంట్లో రెండు వేరు వేరు నెట్‌వర్కులు ఏర్పడతాయి. అప్పుడు డాబాలోని ప్రింటరు పెంకుటింటి కంప్యూటరుకు కనబడదు, చావిడి కెమెరా ఇంట్లోని రికార్డరుకు దొరకదు. సెట్టింగుల్లో ఆ మోడ్ ఉంటే ఎంచుకోవాలి. లేకపోతే చిరునామాలు పంచే డీహెచ్‌సీపీని ఆపి, రూటరు చిరునామాను మొదటి రూటరుతో కలవకుండా మార్చి, కేబులును బయటి ఇంటర్నెట్ కోసం ఉండే వ్యాన్ పోర్టుకు కాక లాన్ పోర్టుకు తగిలించాలి. రెండు చోట్లా వైఫై పేరు, పాస్‌వర్డు ఒకటే పెడితే ఫోను దానంతటదే మారుతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాన్నొకటి తొక్కుకోని చానెళ్లు 1, 6, 11 కాబట్టి డాబాలో ఒకటి, పెరట్లో మరొకటి ఎంచుకోవాలి. ఈ పని తెలిసినవారికి పావుగంట పడుతుంది.

కేబుల్ ఎంపికలో జరుగుతున్న మోసం గురించి రాయకుండా ఉండలేను. క్యాట్6 అని అచ్చు వేసి, అల్యూమినియం తీగకు రాగి పూత పూసిన సరుకును సగం ధరకు అమ్ముతున్నారు. పూత రాగిదే కనుక పైకి తేడా తెలియదు. తీగ కొసను బ్లేడుతో గీకి చూడండి: లోపల వెండి రంగు కనబడితే అది అల్యూమినియం. నాలుగుసార్లు వంచితే విరుగుతుంది, దూరం పెరిగితే సిగ్నల్ పడిపోతుంది, దాని మీదుగా కరెంటు పంపితే వేడెక్కుతుంది. మొత్తం రాగి తీగే అడిగి తీసుకోవాలి. ఆరుబయట వేసే కేబులుకు ఎండను తట్టుకునే నల్లటి పాలిథీన్ తొడుగు ఉండాలి. ఇంట్లో వాడే బూడిద రంగు కేబుల్ మన ఎండలకు పెళుసెక్కి పగులుతుంది. భూమిలో వేసినా గోడ మీద వేసినా పైపు తప్పనిసరి, ఎందుకంటే మా వైపు పందికొక్కులు కేబులును వదలవు, పైన కోతులు వదలవు. గదిలోకి వెళ్లే చోట కేబులును కొద్దిగా కిందికి వేలాడేలా వంచి లోపలికి తీస్తే వాన నీరు దాని వెంట జారి రూటరులోకి పోకుండా అక్కడే కారిపోతుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ప్లగ్గుల రాగి పళ్లకు చిలుము పడుతుంది కాబట్టి జాయింటును మూత ఉన్న పెట్టెలో ఉంచాలి.

కరెంటు విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి విద్యుత్తు ప్రసరించి అయిదుగురు మరణించిన తరువాత విద్యుత్తు స్తంభాల మీది ఇంటర్నెట్ కేబుళ్ల తొలగింపు ఎంత పెద్ద చర్చ అయిందో మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అదే అజాగ్రత్త మన ప్రహరీల లోపలా ఉంది. మోటారుకు వెళ్లే సర్వీసు వైరుతో కలిపి ఇంటర్నెట్ కేబులును చుట్టి తీసుకువెళ్లడం నేను చాలా చోట్ల చూశాను. ఆ రెండూ ఒకే పైపులో ఎప్పుడూ ఉండకూడదు. మధ్య అడుగు ఎడమైనా పాటించాలి, దాటవలసి వస్తే అడ్డంగా దాటించాలి.

పెరటి గదిలో ప్లగ్గు లేకపోతే ఇంటర్నెట్ కేబుల్ మీదుగానే కరెంటు పంపే పీఓఈ పద్ధతి ఉంది. సాధారణ ప్రమాణంలో ఇది 48 వోల్టుల దగ్గర గరిష్ఠంగా 15.4 వాట్లు ఇస్తుంది, ఒక యాక్సెస్ పాయింటుకో కెమెరాకో అది చాలు. దీనివల్ల ఇంకొక పెద్ద లాభం ఉంది: ఇంట్లో ఇన్వర్టరు మీద ఉన్న ప్లగ్గు నుంచే పెరటి పరికరం కూడా నడుస్తుంది కనుక కరెంటు పోయినా రెండు చోట్లా ఇంటర్నెట్ నిలుస్తుంది. అయితే 24 వోల్టులతో వచ్చే కొన్ని అడాప్టర్లు ఈ ప్రమాణానికి చెందవు. ఏ పరికరానికి వచ్చిన అడాప్టరును ఆ పరికరానికే వాడాలి.

రాగి కేబులుతో ఇంటర్నెట్‌ను ఒక విడతలో 100 మీటర్ల వరకే నడపవచ్చు. ఆపై దూరానికి, అలాగే పిడుగుల భయం ఉన్న చోట, ఫైబరే సరైనది. రెండు కట్టడాలకు వేర్వేరు ఎర్తింగ్ ఉన్నప్పుడు వాటిని రాగి తీగతో కలిపితే, దగ్గరలో పిడుగు పడినప్పుడు ఒక చోటి విద్యుత్తు రెండో చోటికి దారి వెతుక్కుంటుంది. రూటరు, టీవీ, కెమెరా అన్నీ ఒకేసారి పోతాయి. గాజు పోగుకు ఆ గుణం లేదు. కాకపోతే ఇళ్లకు వేసే ఫైబర్ కేబుళ్లలో ఊతానికి ఉక్కు తీగ ఉంటుంది, దాన్ని రెండు కొసలా కత్తిరించి పరికరాలకు దూరంగా ఉంచాలి. రెండు వైపులా ఫైబరును రాగి కేబులుకు కలిపే మీడియా కన్వర్టర్లు రెండు పెడితే చాలు. ఇవి ఇప్పుడు మామూలు ధరలకే దొరుకుతున్నాయి, ఫైబర్ అతికే యంత్రం ప్రతి కేబుల్ ఆపరేటరు దగ్గరా ఉంది. ఊరంతా ఫైబర్ వేసినవారు ఒక ఇంటి పెరట్లో వంద మీటర్లు వేయలేకపోవడానికి కారణం నాకు కనబడదు. అడిగితే అది తమ పని కాదంటున్నారు.

చెరువుల సంగతి వేరు. భీమవరం, అమలాపురం వైపు రొయ్యల చెరువుల దగ్గర రాత్రంతా నీటికి గాలి అందించే ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకోవడం రైతుకు ప్రాణావసరం, ఎందుకంటే తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ తగ్గితే పంట మొత్తం పోతుంది. ఇంటికీ చెరువు గట్టు మీది షెడ్డుకీ మధ్య మరొకరి పొలమో పంట కాలువో ఉంటే తీగ వేయడం కుదరదు. అక్కడ మాత్రం గాలి దారే గతి, అది కూడా బూస్టరుతో కాదు. ఒకదానికొకటి ఎదురుగా బిగించే, ఒకే దిక్కుకు సిగ్నల్ పంపే రెండు పరికరాలు, వాడుకలో వైర్‌లెస్ బ్రిడ్జి అంటారు, మూడు నాలుగు వందల మీటర్లు సునాయాసంగా కలుపుతాయి. 2018 అక్టోబరులో కేంద్ర టెలికం శాఖ 5 గిగాహెర్ట్జ్ శ్రేణిలో 605 మెగాహెర్ట్జ్‌ను నిర్ణీత శక్తి పరిమితులకు లోబడి ఆరుబయట వాడకానికి కూడా లైసెన్సు అవసరం లేకుండా చేసింది కాబట్టి రైతు ఎవరి అనుమతీ తీసుకోనక్కరలేదు. రెండు కొసలూ ఒకదానికొకటి కంటికి కనబడాలి. కనబడితే చాలదు కూడా: 300 మీటర్ల దూరానికి నడిమి చోటున ఆ చూపు రేఖ చుట్టూ సుమారు రెండు మీటర్ల మేర ఖాళీ ఉండాలి. నాటిన నాడు అడ్డు లేని కొబ్బరి మొక్క కొన్నేళ్లకు అడ్డు వస్తుంది, అందువల్ల పరికరాన్ని బిగించే గొట్టం ఎత్తును ఆ అంచనాతోనే నిర్ణయించుకోవాలి. గొట్టానికి ఎర్తింగ్ వేయాలి. పరికరం మీద ఐపీ65 లేదా అంతకన్నా మెరుగైన గుర్తు చూసి కొనాలి. అందులో మొదటి అంకె దుమ్మును, రెండోది నీటిని ఎంత తట్టుకుంటుందో తెలుపుతుంది.

వైఫై వాకిలి దాటి రోడ్డు దాకా పోతున్నప్పుడు పాస్‌వర్డు గురించి కూడా ఆలోచించాలి. పనివారికి, వచ్చిపోయేవారికి గెస్ట్ నెట్‌వర్క్ వేరే పెట్టి, కెమెరాలున్న నెట్‌వర్క్ పాస్‌వర్డును ఇంటివారి దగ్గరే ఉంచుకోవడం మంచిది. కెమెరాతో వచ్చిన పాస్‌వర్డును మొదటి రోజే మార్చాలి.

ఇంటర్నెట్ సంస్థలకు, ఫైబర్ వేసే ప్రభుత్వ సంస్థలకు నా విన్నపం ఇది. కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన సిబ్బంది పెట్టె బిగించే ముందు, ఇంట్లో ఎవరు ఎక్కడ వాడతారని ఒక్క ప్రశ్న అడగాలి. పెట్టెను ముందు గదిలో కాక పెరటి వైపు గోడకు బిగిస్తేనే సగం ఇళ్లలో ఇబ్బంది తీరుతుంది, దానికి అదనంగా పట్టేది పది మీటర్ల ఫైబర్. తీగతో రెండో యాక్సెస్ పాయింటు పెట్టించే సేవకు మీటరుకు ఇంత, పరికరానికి ఇంత అని ధర ప్రకటించి అందుబాటులోకి తేవాలి. అడిగినవారికి బూస్టరు కొనుక్కోమని చెప్పి పంపడం మానాలి. పల్లెల్లో ఈ పని చేయగలిగేది ఎలక్ట్రీషియన్లే కనుక ఐటీఐల్లో ఆ విద్యార్థులకు కేబుల్ కొస ప్లగ్గు బిగించడం, యాక్సెస్ పాయింట్ అమర్చడం నేర్పితే వారికి ఉపాధి, ఊరికి సౌకర్యం రెండూ దక్కుతాయి.

ఇల్లు కట్టించుకుంటున్న పాఠకులకూ ఒక మాట. నీటి పైపుకో, మరుగుదొడ్డి గొట్టానికో, మోటారు వైరుకో ఎలాగూ వాకిలి తవ్విస్తారు. కరెంటు వైరుకు అడుగు దూరంలో అంగుళంన్నర ఖాళీ పైపు ఒకటి, లోపల లాగుడు తాడుతో సహా, డాబా నుంచి పెరటి గది దాకా, వీలైతే చావిడి దాకా వేయించి రెండు కొసలా మూత బిగించండి. ఆ పైపుకు అయ్యేది కొద్ది వందల రూపాయలు. గచ్చు పోసిన తరువాత దాన్నే వేయాలంటే గచ్చు పగలగొట్టాలి. మా ప్రాంతంలో వేసవిలో మొదలైన ఇళ్ల పనులు వానల్లోపు పునాదులు దాటుతాయి. ఈ లేఖలోని సంగతులను అంతకు ముందుగా మీ జిల్లా పేజీల్లో ప్రచురించగలిగితే, తవ్విన కాలువలు పూడ్చకముందే కొందరికైనా ఉపయోగపడతాయి.

ఇట్లు,
విరమించిన టెలికం ఉద్యోగి,
అమలాపురం